తలకట్టు

లువో యిన్ కుంచెని నిటారుగా పట్టేది,
గోడకి మేకు దిగ్గొడుతున్నట్టు.
"ఒంచమ్మా, కాస్త ఒంచు.
మా అక్షరాలకి మూలలుండవు" అనేవాణ్ణి.
వాళ్ళ ఊళ్ళో గీతకి ఎముక ఉండాలంటారట.
మా బెజవాడ వన్‌టౌన్‌లో
గీత కాలవలా తిరగాలి.

మొదటి నెలంతా సున్నాలే,
పాత కేలెండర్ల వెనక.
జిలేబీ కొట్టు సుభాని చూసి
"నా దగ్గరికి పంపరాదా బాజీ, జీతమిస్తా" అన్నాడు.
తలకట్టు మాత్రం తొలిరోజే వచ్చేసింది:
ఆ పిల్లకి అది
అక్షరం మీద వాలిన పిట్ట.

మూడు వేసవులు.
టర్పెంటైన్ వాసన వదలని చేతులతోనే
పునుగులు, అల్లం చట్నీ.
కరెంటు పోతే షట్టరు ముందు కూచుని
వేలు నీళ్ళలో ముంచి
సిమెంటు మెట్టు మీద ఏదో రాసేది వాళ్ళ భాషలో.
చివరి గీత పడేసరికి మొదటిది ఆరిపోయేది.
"అమ్మ పేరా?" అనడిగాను ఒకసారి.
"కాదు మాస్టారూ, ఫ్యాను."

ఒంటిచేత్తో తను రాసిన మొదటి గోడ
ఏలూరు కాలవ పక్కన:
ఇచ్చట మూత్రము పోయరాదు.
ఆ 'మూ' చూడాలి మీరు!
పోయడానికొచ్చినవాడు నిలబడి చదివి
పక్క గోడకి వెళ్ళాడు.

ఇప్పుడన్నీ ఫ్లెక్సులే.
నా కుంచెలు డబ్బాలో బిగుసుకుపోయాయి.
నిన్న కొరియర్‌లో ఓ బొమ్మ వచ్చింది.
మంచు, కొండ, నల్ల సిరా. మనిషి లేడు.
గీతల్లో ఎముక ఉంది,
వాళ్ళ పెద్దలు మెచ్చుకునే ఉంటారు.
కొండ కొన మీద ఒక పిట్ట.

కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూశాను.
ఒంపు కాస్త ఎక్కువైంది, పిల్లా.