గోడ చాలలేదు

ఊట్కూరు హైస్కూలు గోడ మీద
ఆసియా ఖండం గియ్యనీకె
పెయింటర్ అంజిలప్ప వచ్చిండు.
అప్పటిదాంక ఎరువుల దుకాణాల బోర్డులు,
పీర్ల చావిడి తలుపులు రాసిన చెయ్యి.
రంగు డబ్బా పట్టుకునే పని నాది.

"నాలుగు కొసలు ముందు పెట్టు,
కడమదంత నడుమ నిండుతది"
అన్నడు సోషల్ సారు శంషుద్దీన్,
అట్లాసు తెరిచి పట్టుకొని.

ఉత్తరాన చెల్యుస్కిన్ అగ్రం.
నిచ్చెనకు పైమెట్టు లేదు.
కుంచెను కందికట్టెకు కట్టి
రేకుల కింద అందినకాడికి అద్దిండు.
ఆడ మంచు ఎట్ల చూపాల్నో ఆలోచిస్తుంటే
పావురాలు ఆ పని చేసిపెట్టినయి.

దక్షిణాన పియాయ్. పునాది రాళ్లకు ఆనింది.
మొదటి వానకే ఎర్రమట్టి చింది
మలేషియా మోకాళ్లదాంక మునిగింది.
మేకలు వచ్చి వీపు గోక్కునే చోటూ అదే.

పడమట బాబా అగ్రం అనంగనే
"దర్గా ఉంటదా సారూ?" అన్నడు అంజిలప్ప.
సారు అట్లాసంత వెతికి, తెల్వదన్నడు.
ఉంటదిలే అని
ఇంత పచ్చజెండా గీసిండు, మినపగింజంత.

తూర్పుకొచ్చేసరికి గోడ అయిపోయింది.
సైబీరియా ఇంకా జానెడు మిగిలింది.
చెరిపి చిన్నగ గియ్యమన్నడు సారు.
ఆయన వినలే. కుంచె ఎత్తకుండ
మూల మలిపి
పక్క గోడ మీద దెజ్నెవ్ దింపిండు,
బోరింగుకు ఎదురుంగ.

సారు గీతలు లెక్కవెట్టి కండ్లద్దాలు తీసిండు.
ఆ కొస నూటఎనభై దాటిపోయి
పశ్చిమ రేఖాంశంల ఉన్నదంట.
తూర్పుకు తూర్పు పోతే పడమర తగిలింది.
అంజిలప్ప బీడీ ముట్టించి,
"మక్తల్ బస్సుల నిద్రపోతే గట్లనే అయితది" అన్నడు.

"మరి మన ఊరేడ?" అని నేనడిగితే
ఉన్నంతల సన్న కుంచెతోని చుక్క పెట్టిండు.
దాని కింద కృష్ణ, రాయచూరు, కర్నూలు
అన్నీ పడిపోయినయి.
మనూరు ఇంత పెద్దదా అని
ఆ రాత్రి నాకు శానాసేపు నిద్ర పట్టలే.

మొన్న పోయిన. గోడకు సున్నమేసిన్రు.
చైనా లేదు, చుక్క లేదు, పచ్చజెండా లేదు.
మూల తిరిగి చూసిన.
సున్నమేసెటోళ్లు ఆ పక్కకు రాలే.
జానెడు సైబీరియా,
దాని కొసకు ఎవలో మొల కొట్టి
నీళ్లు తాగే చెంబు తగిలేసిన్రు.