కప్ప

గురువారం, హాలిఫాక్స్ లైబ్రరీలో
డోరీన్ నా స్వెటర్ వీపు భాగాన్ని
కళ్లజోడు దాకా లాక్కుని చూసి
"ఫ్రాగ్ ఇట్" అంది.

కప్పని చెయ్యడమా?

"రిప్ ఇట్, రిప్ ఇట్... కప్ప అరుపు వినలేదూ ఎప్పుడూ?
విప్పెయ్యమ్మా, అంతే."
టేబులంతా నవ్వింది.
నా నవ్వు దారిలో ఉంది, ఇంకా రాలేదు.

మా కప్పలు బెకబెకమంటాయి.
ఎవరినీ ఏదీ విప్పమనవు,
వానని మాత్రం రమ్మంటాయి.

తప్పు పదకొండో వరుసలో.
నా కంట పడింది యాభై రెండులో.
సూది లాగేశాను.
ఫిబ్రవరి నెలంతా నాలుగు నిమిషాల్లో
ఒళ్లోకి జారింది,
ఉడికిన నూడుల్స్‌లా, ఉంగరాలు ఉంగరాలుగా.

ఏ కుట్టులో ఎలా ముడుచుకుందో
విప్పినా ఊలు మర్చిపోదట.
"తడిపి, బరువు కట్టి వేలాడదియ్,
రెండ్రోజుల్లో దారికొస్తుంది."
బాత్రూంలో కట్టాను,
చివర సైకిల్ తాళం.

రాత్రి చినుకులు.
పక్కింటి పెరటి కుంటలో ఏదో గొణిగింది.
బెక కాదు, రిప్ కాదు,
పీకు... పీకు... అని
శుభ్రమైన తెలుగులో.

గురువారం రావలసిన నవ్వు
అప్పుడొచ్చింది,
చీకట్లో, ఒక్కదానికే,
తాళం టపటపా గోడకి కొట్టుకుంటుంటే.