తెల్లజన

పదకొండేళ్లుగా మత్రా చేపల బజారులో
వంజరాల పొట్టలు చీలుస్తున్నాను.
ఎర్రజనకి ధర ఉంది.
మగచేప తెల్లజన మాత్రం బకెట్లోకి,
అక్కణ్ణించి పిల్లులకి.

నిన్న నా పిప్పిపన్ను తొలిచి డాక్టర్ రుమైసా అంది:
"ఈ సిమెంటులో చిటికెడు తెల్లజన సారం
కలిపి చూస్తున్నాం, సాల్మన్‌ది.
క్రిములు పుట్టకుండా. నీకిష్టమేనా?"
నోట్లో దూది. తల ఊపాను.

రాత్రి గదిలో మైలపల్లి ఎర్రయ్య
నా నోట్లోకి సెల్‌ఫోన్ లైటు కొట్టి
"ఏదిరా చేప?" అన్నాడు.
నాలికతో తడిమాను. గరుగ్గా,
నూకగింజంత.
నేను విసిరేసినవాటికి దూరపు చుట్టం
నా దవడలో కాపలా.

పొద్దున కత్తి కాసేపు ఆగింది
బకెట్ అంచున.
కింద పిల్లి ఆవలించింది,
ముల్లు కొరికే కోరలన్నీ కనపడేలా.
ఓహో,
అందుకేనటే నీకొక్క పన్నూ పుచ్చలేదు?