తేటనీళ్ళు

షెఫీల్డ్‌లో, యూనివర్సిటీ నేలమాళిగలో
కిటికీ లేని గది నాది.
ఐసు పెట్టె, తువ్వాలు, స్టాప్‌వాచ్,
రెండు డిగ్రీల దగ్గర ఆపి ఉంచిన నీళ్ళు.

మణికట్టు దాకా ముంచండి, అంటాను.
ఇక చాలనిపిస్తే తీసేయండి.
తీశారని ఎవరూ ఏమీ అనుకోరు.
ఆ చివరి ముక్క నాకిచ్చిన కాగితంలో లేదు,
నేనే కలుపుతాను.

పొద్దున వచ్చిన కుర్రాడు, కీరన్,
పదకొండు సెకన్లకే చెయ్యి లాగేశాడు.
నవ్వాడు.
బూటు లేసు ముడేసుకుంటూ, అడక్కుండానే చెప్పాడు:
రెండేళ్ళుగా తమ్ముడి గది బయటే పడక,
తలుపుకి వీపు ఆన్చి,
లోపల మరీ నిశ్శబ్దమైతే లేవాలని.
ఫారం మీద అంత చోటు లేదు.
పదకొండు, అని రాశాను.

మూడింటికి డోరీన్ ఓల్డ్‌రాయిడ్.
మార్కెట్లో చేపల కొట్టు, ముప్పై నాలుగేళ్ళు.
కొట్టు నుంచి తిన్నగా ఇటే వచ్చింది.
ఐదు నిమిషాలూ గడిచి గడియారం ఆగినా
ఆమె చెయ్యి నీళ్ళలోనే ఉంది.
"నొప్పి ఎక్కడ మొదలవ్వాలమ్మా ఇందులో?" అంది,
నేనేదో దాచిపెట్టినట్టు.

తర్వాత ప్రశ్నల కాగితం.
మూడో వాక్యం దగ్గర ఆమె పెన్ను ఆగింది:
కష్టం వస్తే అది ఇక పోదనిపిస్తుంది.
ఒకటి నుంచి ఐదు దాకా, ఒక గుండ్రం చుట్టాలి, అంతే.
పెన్ను పైకి లేచింది, దిగింది, లేచింది.
దీనికి గడియారం పెట్టలేదు మేము.
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
కోటు జేబులో వేసుకుని వెళ్ళిపోయింది,
తనకిచ్చే పది పౌన్ల కూపన్ బల్ల మీదే వదిలి.

సగం నింపిన వాళ్ళని లెక్కలోంచి తీసేయాలి, అది నియమం.
ఐదు నిమిషాలనీ కొట్టేశాను.

సాయంత్రం అదే కాగితాన్ని తెలుగు చేసే పని.
తట్టుకోవడం అని రాసి, కొట్టేసి,
ఓర్చుకోవడం అని రాశాను.
మా పెద్దమ్మ వాడే మాట దిగమింగడం,
దాన్ని రాయడానికి చెయ్యి రాలేదు.
ఓర్చినమ్మకు తేటనీళ్ళు అంటారు కదా,
ఆ చెలమ పక్కన ఆమె ఎంతసేపు కూచుందో,
బురద కదిలించి పోయినవాళ్ళెవరో
ఎవరూ రాసిపెట్టలేదు.

ఆరింటికి ఐసు పెట్టె వంచడానికి సింకు దగ్గరికి తెచ్చాను.
తేటనీళ్ళే.
అడుగున ఒక చేప పొలుసు,
గోరంత, ట్యూబులైటు కింద మెరుస్తూ.