ఆవగింజ లెక్క

సజ్జ అంటే మా దిక్కు గింజ.
షార్జాల సజ్జా అంటే ఇనుప కంచె, ఇసుక,
ఎనిమిది మందికి ఒక్క అర్ర,
పొద్దున నాలుగింటికి హారన్ కొట్టే తెల్ల బస్సు.

నా పని పారబోసుడు.
తేదీ దాటిన పాలపొడి, పురుగు పట్టిన ఖర్జూరం,
రేవుల పట్టుబడ్డ ఏ సరుకైనా
సావుకు మా యార్డుకే వస్తది.

ఆ నెల డబ్బాలొచ్చినయ్.
లేత పచ్చ రంగు, మీద ఏడు వేళ్ళ ఆకు,
ఆకు కింద కండ్లు మూసుకొని నవ్వే ఆడిమనిషి.
నలభై ఒక్క వేల రెండు వందలు,
ఒక్కటి తక్కువైనా జవాబు చెప్పాలె.
ఎన్క అట్టపెట్టెలల్ల జెల్లీ బిళ్ళలు,
ఎలుగుబంటి పిల్లల లెక్క, ఎండకు కరిగి
ఒకదాన్ని ఒకటి కావలించుకున్నయ్.

చీటీ చదివింది బిజోయ్, ల్యాబు మలయాళీ:
"తాగినా నమిలినా మనసు నిమ్మళమైతదట.
గంజాయి వంశమే గాని, మత్తు లేని తమ్ముడు."
"ఎవరు కొంటరు సారూ?"
"మనిషికొక అర్ర ఉన్నోళ్ళు. నిద్ర రాక."

"నిజంగ పని చేస్తదా?"

బిజోయ్ అద్దాలు తుడుసుకున్నడు.
"డబ్బాల ఉన్నది ఆవగింజల అరవయ్యో వంతు.
అది నూనె, ఇది నీళ్ళు, ఎట్ల కలుస్తయ్?
సగం డబ్బా గోడకే అంటుకుంటది.
నీకు నిద్ర రావాలంటే ట్యాంకరు తాగాలె.
జైలు రావాలంటే మాత్రం ఆవగింజ చాలు."

మూడు రోజులు పొడిచినం, వొంచినం.
గ్యాసు బుస్సుమన్నది. తీపి వాసన, ఈగలు.
నేపాలీ పోరడు ధన్‌బీర్ బూట్లు తడిసి
"నా కాళ్ళు నిమ్మళమైనయ్" అని నవ్విండు.
కాలువల నూనె రంగులు తేలుతయేమో అని
వంగి చూసిన. నా మొకమే కనబడ్డది.
అండ్ల నిమ్మళం ఏం లేదు.

మా అర్రల లస్మన్నకు నిద్ర రాదు.
ఆర్మూరు దిక్కు కల్లు దుకాణంల
పదేండ్లు పౌడరు కలిపిన సీసా తాగిన పెయ్యి.
అది పని చేస్తదా అని ఎవ్వరూ అడగలే.
చేసింది.
ఆ సీసా మీద ఆకు బొమ్మ లేదు, నవ్వు లేదు,
మూత సుత లేదు.
మానేసి విమానం ఎక్కిన మూడో దినం
చేతులు జొన్నాకు లెక్క వణికినయ్,
గోడ మీద చీమలున్నయని దులుపుకుంట కూసున్నడు.
ఇప్పుడు చీమలు లేవు. నిద్ర లేదు.
కింది మంచం ఇనుము తెల్లార్లూ కిర్రుమంటది.

డబ్బాల సంగతి చెప్పిన్నాడు లేచి కూసున్నడు:
"ఒక్కటి తేరాదు?"

డబ్బా తేలే. మాట తెచ్చిన.
స్టీలు గిలాసల నిమ్మకాయ, చక్కెర,
చిటికెడు ఉప్పు, నానిన సబ్జా.
"గదే" అన్న. ఇంకేం అనలే.
సుక్క సుక్క తాగిండు, మందు తాగినట్టు.
పదకొండింటికి కిర్రు ఆగింది.
ఇగ నాకు పట్టలే నిద్ర.
అబద్ధం ఎన్ని గ్రాములుంటే పని చేస్తది?
దాన్ని ఏ మిషిన్ల పెట్టి చూస్తడు బిజోయ్?

అన్ని రాత్రులూ చేయలే అది.
బిడ్డకు జరమొచ్చిందని ఫోనొచ్చిన రాత్రి
మూడు గిలాసలు తాగి, బస్సు హారన్ దాక
మోకాళ్ళ మీద గదవ పెట్టుకొని కూసున్నడు.
మల్ల వారం పడుకున్నడు. మల్ల పడుకోలే.
జీతం ఆలిస్యమైన నెల నిమ్మకాయలు కొనలే,
ఒట్టి చక్కెర నీళ్ళే ఇచ్చిన.

గిలాస కింద పెట్టి మూతి తుడుసుకున్నడు.
"ఇయాల నిమ్మకాయ ఎయ్యలే నువ్వు."
నేను నేల చూసిన.
"మొదటి దినమైతే గింజలు సుత తియ్యలే.
చేదు."
ఏసీ తగ్గించమని గోడ దిక్కు తిరిగిండు.

చానసేపు విన్న.
కిర్రు రాలే.