బిరడా

దక్షిణ ఎస్టోనియా, మార్చి నెలాఖరు

కౌపో లారీ వెనక్కి వెనక్కి వచ్చి
ఇనుప చెయ్యి చాచి
ఏడు ఘనమీటర్ల చెట్లను
నా ఉల్లిమడి మీద దించింది.
"మంచు కింద మడి ఉందని నాకేం తెలుసు, హిల్యా" అన్నాడు.
వాడు పుట్టకముందు నుంచీ అక్కడే ఉంది.

మూడేసి మీటర్ల దుంగలు.
బిర్చి ఎక్కువ, ఆల్డరు కొంచెం,
అడుగున, పప్పులో రాళ్ళలా,
నేను అడగని ఆస్పెన్‌వి రెండు.

ఎవాల్డ్ నడుముకి ఆపరేషనయి ఆరు వారాలు.
వంగకూడదు, ఎత్తకూడదు.
మాట్లాడకూడదని మాత్రం డాక్టరు రాయలేదు.
కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని
చేతికర్రతో అద్దం మీద కొడతాడు.
ఒక దెబ్బ అంటే తప్పు.
రెండంటే సరే.
రెండో దెబ్బ ఈ వారంలో వినలేదు.

రంపం గొలుసు సానబట్టాను. ఒక దెబ్బ.
దుంగ కింద ఊతకర్ర పెట్టాను. ఒక దెబ్బ.
ముప్ఫై మూడు సెంటీమీటర్లు, మా పొయ్యి నోటి కొలత.
గొడ్డలి పిడి మీద కత్తితో అతనే గీసిన గీత.
ఆ గీత దగ్గరే కోస్తున్నాను,
అయినా ఒక దెబ్బ.

ఆల్డరు, కోసినప్పుడు తెల్లగానే ఉంటుంది.
టీ తాగి వచ్చేసరికి
మోకాలు దోక్కుపోయిన పిల్లాడిలా
ఎర్రగా.
ఏమీ చెయ్యనక్కర్లేదు. దానంతటదే ఆరుతుంది.

చీల్చడానికి బలం కంటే చూపు కావాలి.
మొద్దు ముఖం మీద సన్నటి బీట ఉంటుంది,
ఎక్కడ విడిపోవాలనుకుంటోందో చెట్టే చెబుతుంది.
ముడి ఉన్నదాన్ని బతిమాలకూడదు.
పక్కన పడేసి ఇంకోటి నిలబెట్టాలి.
సాయంత్రం కోపం వచ్చినప్పుడు
దాని దగ్గరికి మళ్ళీ రావచ్చు.

గురువారం మధ్యాహ్నం
ఒక బిర్చి మొద్దు ఠప్పున విచ్చుకుంది.
లోపల, బెరడుకు బెత్తెడు లోతున
వేలెడంత బిరడా.
కర్రది. చాకుతో నాలుగు పలకలుగా చెక్కింది.
ఎవరో ఏదో మార్చిలో
ఈ చెట్టుకు చిల్లు పెట్టి
బాల్చీ నిండా దాని తీపినీళ్ళు పట్టుకుని
పోతూ పోతూ చిల్లు మూసి వెళ్ళారు.
అంత మర్యాద.
చెట్టు దాన్ని మింగేసి
పైన తెల్లటి బెరడు కప్పుకుని
ఊరుకుంది.

ఎవరి అడవి అని కౌపోకి ఫోన్ చేశాను.
"మూడు చోట్ల సరుకు కలిసింది,
చెట్టు చెట్టుకీ ఇంటిపేరు అడిగితే ఎలా?"

పేడు పట్టుకుని బూట్లతోనే లోపలికి వెళ్ళాను.
ఎవాల్డ్ ఏమీ అనలేదు.
కళ్ళజోడు మార్చుకుని
నా అల్లికసూదితో వలయాలు లెక్కపెట్టాడు
బిరడా నుంచి బెరడు దాకా,
పెదాలు కదుపుతూ.
నలభై ఒకటి.
నేను లెక్కపెడితే నలభై మూడు.

నలభై ఒకటైతే
ఎర్ర మోటార్‌సైకిల్ కొన్న ఏడాది,
చెరువు దాకా వెళ్ళి పెట్రోలు అయిపోయి
నవ్వుకుంటూ తోసుకొచ్చిన ఏడాది.
నలభై మూడైతే
నేను సంచీ సర్దుకుని తార్తులో మా అక్క దగ్గరికి పోయి
వేసవంతా తిరిగి రానిది.

"నలభై ఒకటే" అన్నాడు
సూది నాకివ్వకుండా.

వలయాలు కొన్నిచోట్ల మరీ సన్నగా ఉంటాయి,
వానలు పడని ఏళ్ళవి.
ఒకదానికొకటి ఒరుసుకుని
ఒకటో రెండో తెలియదు.

బయటికొచ్చి పేర్చడం మొదలుపెట్టాను.
రెండు చివర్లా అడ్డం నిలువు,
మధ్యన పిడికిలి పట్టేంత సందులు,
పై వరసకు బెరడు ఆకాశం వైపు.
బిరడా ఉన్న పేడు ఎక్కడ పెట్టానో అతనికి చెప్పలేదు.
జనవరిలో ఒక రాత్రి చేతికొస్తుంది,
ఇద్దరిలో ఎవరి చేతికో.

నడుమెత్తు దాకా వచ్చేసరికి
వరస కొంచెం ఎడమకు ఒరిగింది.
నాకూ కనిపిస్తోంది.
అద్దం మీద ఒక దెబ్బ.
చేతుల నిండా కట్టెలతో
వెనక్కి తిరిగి చూశాను.
కర్ర ఇంకా గాల్లోనే ఉంది.