ఐదో తారీకు దగ్గు

బోరబండల మేం కిరాయికున్నప్పుడు
ఓనరు మెట్లెక్కుకుంట దగ్గేటోడు.
జలుబు దగ్గు కాదది, కిరాయి దగ్గు.
కుర్మమ్మ లైటు బంద్ చేసేది,
నేను పిల్లగాని నోటికి చెయ్యి అడ్డం పెట్టేటోన్ని.
అన్నీ దాచినం గని
స్టవ్వు మీద అన్నం కుతకుత
దాచనీకె రాకపాయె.

పద్దెనిమిదేండ్లు సెంట్రింగు పని చేసిన.
ఎవరెవరి స్లాబుల కిందనో బొంగులు నిలబెట్టి
ఆఖరుకు జడ్చర్లల నూటిరవై గజాలు.
కింద మేము, పైన రెండు రూములు.
మందుల కంపెనీల బస్సులు మూడు షిఫ్టులు తిరుగుతయి,
రూము ఖాళీ ఉంటదా అన్నరు.
చిట్టీ ఎత్తిన, చాలలె. ఫైనాన్సుల తెచ్చిన.
కుర్మమ్మ వెండి కడియాలు
కిటికీ చువ్వలైనయి.
"ఇల్లంటే పాడి బర్రెనే" అన్నడు మేస్త్రీ నర్సప్ప.
బర్రె ఎప్పుడు వట్టిపోతదో
పిండేటోనికి ముందే తెలుస్తది నర్సప్పా.

ముందు ఒడిశా పిల్లగాండ్లు ఆరుగురు దిగిన్రు.
కంపెనీకి ఆర్డర్లు తగ్గినయంట,
కాంట్రాక్టోళ్లను రేపటి నుంచి రావద్దన్నరంట.
తెల్లారేసరికి తాళంచెవి గడప మీద ఉన్నది.
లోపల ఒక బకీటు,
నాకు చదవరాని అక్షరాల క్యాలెండరు,
రెండువేల నూటనలభై కరెంటు బిల్లు.

గేటుకు అట్ట కట్టి సుద్దముక్కతో రాసిన, టు లెట్.
వానకు లెట్ కారిపోయి టు మిగిలింది.
మూడు నెలలు ఆ ఒక్క అక్షరమే
రోడ్డు దిక్కు చూసింది.

చాయ్ హోటల్ల బ్రోకరు శాంతప్ప
"అమ్ముతవా? కొత్త రోడ్డొస్తే గజం ముప్పై వేలు,
రాకుంటేనా..." అని
మాట సగంల ఆపి చాయ్ మాత్రం పూర్తిగ తాగిండు.
పైసలు నేనే ఇచ్చిన.

అంతస్తు లేచిందని ఇంటి పన్ను లేచింది.
ట్యాంకు కారి గోడకు చెమ్మ పట్టి
రోజింత పెరుగుతున్నది, మిత్తి లెక్క.

ఇప్పుడున్నది పాండు నాయక్, మారోణి, ఆరేండ్ల సింధు.
అచ్చంపేట దిక్కు తండా.
ఆయన ప్యాకింగుల, నెలల పదకొండు రోజులే డ్యూటీ.
రెండు నెలల కిరాయి ఆగింది.
పొమ్మందామంటే అడ్వాన్సు తిరిగియ్యాలె.
అది మోటరు వైండింగుకు పెట్టిన.

నిన్న ఐదో తారీకు.
ఏమని అడగాలెనో నాలుగు తీర్ల అనుకున్న,
మెట్లెక్కుతుంటే
గొంతుల నుంచి దానంతటది వచ్చింది దగ్గు.
అచ్చం బోరబండ ఓనరుదే. అదే గరగర.
పైన లైటు ఆరింది.
నేను ఎనిమిదో మెట్టు మీద, ఎటూ గాకుండ.
తలుపు అవతల
అన్నం కుతకుతలాడుతున్నది.

దిగొచ్చిన. "ఏమన్నరు?" అన్నది కుర్మమ్మ.
"పండుకున్నట్టున్నరు" అన్న.
ఆమె నా మొఖం చూసి
ఇంకేం అడగలె.
నీళ్లు బంద్ చేద్దామని అనుకున్నోన్ని
మోటరు ఏసిన.
మంచోన్నని కాదు,
మా నల్లకు గూడ ఆ ట్యాంకే గతి.

పదో తారీకు రానే వస్తది.
హెల్మెట్ తియ్యకుండనే ఫైనాన్సు పిల్లగాడు
గేటు గొలుసు కొడతడు.
పోయిన నెల గూడ గిట్లనే కొట్టిండు.
కుర్మమ్మ లైటు బంద్ చేసింది.
పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నది.
నేను గోడకు ఆనుకొని ఊపిరి బిగబట్టిన,
నా ఇంట్ల, నా పేరు మీదున్న ఇంట్ల.

అప్పుడు పైనుంచి సింధు,
ఎవరు నేర్పిన్రో, పిట్టగోడ మీదికి వంగి,
"ఓనరంకుల్ ఇంట్ల లేడు" అన్నది.